రాత్రి తొమ్మిదిన్నరకు తింటే బరువు తగ్గరా?

ప్రశ్న: నా వయసు 41. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. పొద్దున అయిదున్నరకు లేస్తాను. ఎనిమిదింటికి హడావుడిగా ఏదో నోట్లో వేసుకుని బయల్దేరతాను. ఒంటిగంటకు డబ్బాలో తీసుకెళ్లింది తింటాను. అయిదింటికి టీ, రెండు బిస్కెట్లు. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. పిల్లలు, మా ఆయన అప్పటికే తినేసి ఉంటారు. నా భోజనం తొమ్మిదిన్నర, తొమ్మిదీ ముప్పావుకి. పడుకునేసరికి పదకొండుంపావు. మా వదిన మాత్రం సాయంత్రం ఏడు దాటితే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనంత నిష్ఠగా ఉంటోంది. మొదటి వారంలోనే కిలోన్నర తగ్గింది. "నువ్వు రాత్రి తిన్నదంతా నిద్రలో కొవ్వయిపోతోంది, అందుకే తగ్గట్లేదు" అంటుంది. నేనూ మూడు వారాలు ఇంటికొచ్చాక ఏమీ తినకుండా పడుకునే ప్రయత్నం చేశాను. సోమ, మంగళ, బుధవారాలు ఎలాగో గడిచేవి. గురువారం రాత్రి నిద్ర పట్టక పదకొండున్నరకు లేచి వంటింట్లో బిస్కెట్ ప్యాకెట్ మొత్తం ఖాళీ చేసేదాన్ని. మూడు వారాలయ్యాక చూసుకుంటే అరకిలో పెరిగాను. ఇప్పట్లో ఉద్యోగం మారే అవకాశం లేదు. ఏడు లోపు తినలేనివాళ్లు ఇక బరువు తగ్గలేరా? రాత్రి భోజనం పూర్తిగా మానేయమంటారా? ఇంకో సంగతి, రాత్రిపూట పండు తింటే అందులో చక్కెరంతా కొవ్వుగా మారుతుందట. నిజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: తగ్గుతారండీ. ముందు ఆ భయం తీసి పక్కన పెట్టండి. ఏడయ్యేసరికి మన ఒంట్లో ఎవరూ గేటు మూయరు. ఆరూ యాభై అయిదుకు తిన్న ముద్ద శక్తిగానూ, ఏడూ అయిదుకు తిన్న ముద్ద కొవ్వుగానూ మారే ఏర్పాటేదీ శరీరంలో లేదు. మనం పడుకున్నాక కూడా గుండె కొట్టుకుంటుంది, మెదడు పనిచేస్తుంది, కాలేయం తన లెక్కలు తను చూసుకుంటుంది. ఒక రోజులో మనం ఖర్చుపెట్టే శక్తిలో 60 నుంచి 70 శాతం, చాలామందిలో, ఊరికే బతికుండటానికే సరిపోతుంది. ఆ ఖర్చు రాత్రిపూట కాస్త తగ్గుతుందే తప్ప ఆగదు.

అలాగని మీ వదిన మాటను గాలికి వదిలేయమనను. అందులో పావువంతు నిజం ఉంది. చిక్కల్లా ఏమిటంటే ఆ పావువంతు ఏదో తెలియక ముప్పాతిక వంతు పట్టుకుని మీరు మూడు వారాలు పస్తులున్నారు. ఈ విషయంలో నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నా దగ్గరికొచ్చిన ప్రతివారికీ "రాత్రి 7 తర్వాత ఏమీ తినరాదు" అని చీటీ మీద రాసి, కింద గీత కూడా గీసి ఇచ్చేదాన్ని. రాసివ్వడానికి నాకు పట్టింది అర నిమిషం. వాళ్లలో సగంమంది మళ్లీ కనబడలేదు. చెప్పిన మాట వినే ఓపిక లేదు వీళ్లకి అనుకున్నానే గానీ, ఎనిమిదిన్నరకు ఇల్లు చేరే మనిషికి ఏడింటి నియమం ఎలా ఇచ్చానని చాలాకాలం నాకే తట్టలేదు.

ముందు ఆ కిలోన్నర సంగతి చూద్దాం. మీ మనసులో గుచ్చుకున్న ముల్లు అదే కదా. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. అంటే వారంలో కిలోన్నర కొవ్వు కరగాలంటే తినేదానికన్నా రోజుకు 1,600 క్యాలరీలు ఎక్కువ ఖర్చు కావాలి. కూర్చుని పనిచేసే ఆడమనిషి రోజంతా ఖర్చుపెట్టేదే చాలామందిలో రెండు వేలకు అటూఇటూ. రాత్రి భోజనం ఒక్కటి మానేసినంత మాత్రాన అంత లోటు రాదు.

మరి తూకం మిషన్ అబద్ధం చెప్పిందా? లేదు. అది బరువు చూపించింది, మనం కొవ్వు అని చదువుకున్నాం. ఒకసారి సరదాకి నేను రాత్రి పదిన్నరకు ఒకసారి, పొద్దున ఆరున్నరకు బాత్రూంకి వెళ్లొచ్చి మరోసారి తూకం చూసుకున్నాను. 900 గ్రాముల తేడా వచ్చింది. మధ్యలో నేను చేసిన ఘనకార్యం నిద్రపోవడమే. ఊపిరితో, చెమటతో, మూత్రంతో పోయిన నీళ్ల బరువే అందులో దాదాపు అంతా. సాయంత్రం ఏడింటికే తినడం ఆపేస్తే పొద్దునకల్లా పేగుల్లో ఉండే సరుకు తగ్గుతుంది. పైగా కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అని పిండిపదార్థం నిల్వ ఉంటుంది. అది ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల దాకా నీళ్లను పట్టుకుని కూర్చుంటుంది. తిండి తగ్గిన మొదటి వారంలో ఆ నిల్వ తరుగుతుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి. మొదటి వారం ఎవరికైనా బరువు జోరుగా తగ్గేది ఇందుకే. మీ వదిన ఆరో వారం సంగతి మీరు రాయలేదు. అప్పటికీ తగ్గుతూనే ఉంటే నిజంగా అభినందించాల్సిందే. కాకపోతే అప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ నియమం పెట్టుకోకముందు ఆమె ఏడు నుంచి పదకొండు దాకా ఏమేం తినేవారు? టీవీ ముందు చిప్స్, భోజనమయ్యాక ఐస్‌క్రీమ్, పిల్లలు వదిలేసినవి, ఇవన్నీ ఒక్క నియమంతో ఆగిపోయి ఉంటే ఆ ఘనత గడియారానిది కాదు, ఆగిపోయిన చిప్స్‌ది.

ఇక ఆ పావువంతు నిజం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే పరిశోధనలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి.

2013లో ఇజ్రాయెల్‌లో అధిక బరువున్న 93 మంది మహిళలను రెండు జట్లు చేశారు. అందరికీ రోజుకు 1,400 క్యాలరీలే. ఒక జట్టు పొద్దున 700, మధ్యాహ్నం 500, రాత్రి 200 తినాలి. రెండో జట్టు సరిగ్గా తిరగేసి, పొద్దున 200, రాత్రి 700. పన్నెండు వారాలకు మొదటి జట్టు సగటున 8.7 కిలోలు తగ్గింది, రెండోది 3.6 కిలోలు. ఈ ఒక్క ఫలితం చూపించి "రాత్రి తింటే అంతే" అని చెప్పేవాళ్లు కోకొల్లలు. నాకు మాత్రం ఆ అంకెల దగ్గరే అనుమానం వస్తుంది. అయిదు కిలోల తేడా పన్నెండు వారాల్లో రావాలంటే రోజుకు 400 పైచిలుకు క్యాలరీల తేడా ఉండాలి. ఇద్దరూ తిన్నది నిజంగా ఒకటే అయితే, వేళ మారినంత మాత్రాన శరీరం రోజుకు అంత ఎక్కువ ఖర్చు చేస్తుందా?

ఆ ప్రశ్నకు 2022లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం వాళ్లు జవాబు వెతికారు. 30 మందికి తిండంతా వాళ్లే తూచి ఇచ్చారు. నాలుగు వారాలు పొద్దున భారీగా, రాత్రి తేలిగ్గా. మరో నాలుగు వారాలు అదే మనుషులకు పొద్దున తేలిగ్గా, రాత్రి భారీగా. రెండు విధాలా తగ్గిన బరువు ఒకటే, సుమారు 3.3 కిలోలు. ఒంట్లో ఖర్చయిన శక్తిలోనూ తేడా రాలేదు. తేడా వచ్చింది ఒక్కచోటే: పొద్దున ఎక్కువ తిన్న వారాల్లో వాళ్లకు రోజంతా ఆకలి తక్కువ అనిపించింది.

నన్నడిగితే మొత్తం కథ ఆ ఒక్క వాక్యంలో ఉంది. తిండి తూచి ఎవరో చేతిలో పెడుతున్నప్పుడు ఆకలి ఎక్కువైనా తక్కువైనా బరువులో తేడా రాదు, ఎందుకంటే అదనంగా తినే వీలే లేదు. ఇంట్లో అలా కాదు కదా. మన ఫ్రిజ్‌కి కాపలా ఎవరూ ఉండరు. ఆకలి పెరిగితే చెయ్యి చాస్తాం, చాచిన చెయ్యి లెక్కలోకి రాదు. ఇజ్రాయెల్ మహిళల్లో రెండో జట్టుకు జరిగింది కూడా చాలావరకు ఇదే అయి ఉంటుందని నా అంచనా.

అదే ఏడాది బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో ఇంకాస్త లోతుగా చూశారు. అధిక బరువున్న 16 మందిని ప్రయోగశాలలోనే ఉంచి, అదే తిండి, అదే నిద్ర, భోజనాలు మాత్రం ఒకసారి పెందలాడే, మరోసారి నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టారు. ఆలస్యంగా తిన్నప్పుడు ఆకలి వేసే అవకాశం రెట్టింపయింది. కడుపు నిండిందని మెదడుకు కబురు పెట్టే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గింది. మెలకువగా ఉన్న వేళల్లో ఖర్చయ్యే శక్తి కూడా 5 శాతం, అంటే రోజుకు 60 క్యాలరీల దాకా తగ్గింది. 60 క్యాలరీలంటే ఒక బిస్కెట్టుకు అటూఇటూ. అది పెద్ద విషయం కాదు. రెట్టింపయిన ఆకలి మాత్రం పెద్ద విషయమే. అది మనిషి చేత ఒక్క బిస్కెట్టుతో ఆపనివ్వదు. గురువారం రాత్రి మీకు జరిగింది సరిగ్గా అదే.

"ఏడు కూడా ఎందుకు, నాలుగింటికే ఆపేస్తే?" అని ఎవరైనా అడగొచ్చు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆ పని కూడా చేశారు. 139 మంది స్థూలకాయులు ఏడాది పాటు. సగంమంది పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి, క్యాలరీలూ తగ్గించుకోవాలి. మిగతా సగానికి క్యాలరీలు తగ్గించుకోమన్నారు గానీ వేళల పట్టింపు పెట్టలేదు. 2022లో వచ్చిన ఫలితం చూస్తే మొదటివాళ్లు సుమారు 8 కిలోలు, రెండోవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా గణాంకాల ప్రకారం నికరమైనదని చెప్పలేమని పరిశోధకులే తేల్చారు. ఏడాదిపాటు సాయంత్రం నాలుగు తర్వాత నోరు కట్టుకున్నదానికి దక్కింది అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అనిపించడం లేదూ?

ఆలస్యంగా తినడంలో అసలైన ఇబ్బంది ఒకటుంది. అది బరువుకన్నా రక్తంలో చక్కెరకు సంబంధించింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 20 మంది ఆరోగ్యవంతులకు ఒకే భోజనాన్ని ఒకరోజు సాయంత్రం 6కి, మరోరోజు రాత్రి 10కి పెట్టి, రెండు రోజులూ 11కే పడుకోబెట్టారు. పదింటికి తిన్న రాత్రి రక్తంలో చక్కెర దాదాపు 18 శాతం ఎక్కువ ఎత్తుకు లేచింది. నిద్రలో కరిగే కొవ్వు కూడా 10 శాతం దాకా తగ్గింది. చీకటి పడ్డాక మెదడు మెలటోనిన్ వదలడం మొదలుపెడుతుంది. అది "ఇక పడుకో" అని ఒళ్లంతటికీ చెప్పే హార్మోన్. దాని ప్రభావంలో క్లోమం ఇన్సులిన్ వదలడంలో కాస్త నిదానిస్తుంది. దుకాణం సర్దేస్తున్న వేళకు వచ్చిన ఖాతాదారు పరిస్థితి పదింటి భోజనానిది. పని జరుగుతుంది గానీ నెమ్మదిగా.

ఒకమాట గమనించండి. ఇక్కడ లెక్క గోడ గడియారంతో కాదు, మీరు పడుకునే వేళతో. తొమ్మిదింటికి పడుకునేవాళ్లకు ఎనిమిదింటి భోజనం ఆలస్యమే. అర్ధరాత్రి దాటాక పడుకునేవాళ్లకు ఎనిమిదిన్నర పెందలాడే. కాబట్టి అందరికీ కలిపి ఏడింటికి గీత గీయడంలో అర్థం లేదు. భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉంటే మంచిది. మీకు ఇప్పుడు గంటన్నర ఉంది. దాన్ని కాస్త పెంచగలిగినా, ఆ భోజనాన్ని తేలిక చేయగలిగినా మేలే. ఎలాగో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు మీ రోజు. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా కళ్లు తొమ్మిదిన్నర దగ్గర ఆగలేదు, ఒంటిగంట దగ్గర ఆగాయి. ఒంటిగంటకు తిన్నారు. మళ్లీ కంచం ముందు కూర్చునేది తొమ్మిదిన్నర తర్వాత. మధ్యలో ఎనిమిదిన్నర గంటలు, అందులో ఒక టీ, రెండు బిస్కెట్లు. పొద్దున తిన్నది కూడా "ఏదో". అంటే రోజు మొత్తం శరీరాన్ని మాడ్చి, దాని బాకీ అంతా రాత్రి తొమ్మిదిన్నరకు తీరుస్తున్నారు. బాకీ వసూలుకొచ్చినవాడు మర్యాదగా మాట్లాడడు.

తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై మధ్య ఏం జరుగుతుందో ఒకసారి మిమ్మల్ని మీరే గమనించుకోండి. మీరు రాయలేదు, నేను ఊహిస్తున్నాను. తప్పయితే క్షమించండి. భుజం మీంచి బ్యాగు ఇంకా దించకుండానే ఫ్రిజ్ తలుపు తెరుస్తారు. గిన్నె పొయ్యి మీద పెట్టి వేడయ్యేలోపు ఒక చెంచా రుచి చూస్తారు. ఉప్పు సరిపోయిందో లేదో అని ఇంకో చెంచా. పిల్లలు కంచంలో వదిలేసింది పారేయడానికి మనసొప్పక నోట్లో వేసుకుంటారు. చేతికందిన డబ్బాలోంచి గుప్పెడు వేయించిన పల్లీలు. ఇదంతా నిలబడి. తర్వాత కూర్చుని భోజనం. రాత్రికి మీరు "ఒకే భోజనం చేశాను" అనుకుంటారు, నిజానికి చేసినవి రెండు. ఆ గుప్పెడు గింజలే 30 గ్రాములుంటే 170 క్యాలరీలు దాటతాయి. నిలబడి తిన్నది కడుపుకు తెలుస్తుంది గానీ జ్ఞాపకానికి తెలియదు.

ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోవద్దు. "ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదు" అని చెప్పిన పదిమందిని 1992లో అమెరికాలో జాగ్రత్తగా పరీక్షించి చూశారు. వాళ్ల శరీరాలు శక్తిని ఖర్చు చేయడంలో ఏ లోపమూ లేదు. తిన్నామని రాసుకున్నదానికీ, నిజంగా తిన్నదానికీ మధ్య మాత్రం సగటున 47 శాతం తేడా ఉంది. వాళ్లు అబద్ధాలకోరులేం కాదు. లెక్కలోకి రానివి లెక్కలోకి రాలేదు, అంతే.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: రాత్రి భోజనం మానేయకండి. మీరు ఆ పని మూడు వారాలు చేసి, ఫలితం మీరే రాశారు. దానికన్నా పెద్ద పరిశోధన నేను చూపించనక్కర్లేదు. మానేయడానికి బదులు ఆ భోజనాన్ని రెండుగా చీల్చండి. ఒక సగం సాయంత్రం ఆరు, ఆరుంపావుకి ఆఫీసులోనే. రెండో సగం ఇంటికొచ్చాక.

ఆరింటిది చిరుతిండి అనుకోకండి, అది రాత్రి భోజనంలో మొదటి భాగం. అందుకని అందులో మాంసకృత్తులు ఉండాలి, నమిలేది ఉండాలి. రెండు ఉడికించిన గుడ్లు, ఒక పండు. గుడ్లు తినకపోతే ఒక కప్పు పెరుగులో గింజలు, లేదా ఉడికించిన శనగలు. బిస్కెట్లు మాత్రం వద్దు. 100 గ్రాముల తీపి బిస్కెట్లలో 450 నుంచి 500 క్యాలరీలుంటాయి. అవి తిన్న గంటకే మళ్లీ ఆకలి. మీటింగుల మధ్య తినడం కుదరదని అంటారేమో. అయిదింటి టీకి సమయం దొరుకుతోంది కదా, దాన్నే ఆరింటికి మార్చండి.

ఇందులో ఒక గుంట ఉంది, చాలామంది పడేది అందులోనే. ఆరింటికి కొత్తగా తినడం మొదలుపెడతారు, రాత్రి కంచం మాత్రం పాతదే. అప్పుడు బరువు పెరగక ఏమవుతుంది? ఆరింటికి తిన్నది రాత్రి కంచంలోంచి తీసి ఇచ్చిన అప్పు. రాత్రి ఆ మేరకు తగ్గాలి. మీ వయసు, ఎత్తు, బరువు, కూర్చుని చేసే పని చూస్తే రోజుకు 1,500 క్యాలరీల దగ్గర మొదలుపెట్టడం సబబు. పొద్దున 400, మధ్యాహ్నం 500, ఆరింటికి 250, రాత్రికి 350 అనుకోండి. అంకెలు పది ఇరవై అటూఇటూ అయితే కొంప మునగదు. పొద్దున ఆ "ఏదో" స్థానంలో నిజంగా భోజనం అనిపించేది ఉండటం మాత్రం ముఖ్యం. అబర్డీన్ వాళ్ల ఆకలి తగ్గింది అక్కడే. రాత్రి 350లో కంచంలో సగం కూరగాయలుంటే కంచం నిండుగానే కనిపిస్తుంది. నూనె చేతివాటంతో పోయకుండా చెంచాతో కొలవండి. ఒక పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు.

ఇంటికి రాగానే నేరుగా వంటింట్లోకి వెళ్లకండి. చెప్పడానికి చిన్నదిగా ఉంటుంది గానీ నా అనుభవంలో దీనికున్నంత ఫలితం మరిదేనికీ లేదు. ముందు బ్యాగు దించి, మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని, అప్పుడు కూర్చుని తినండి. ఆరింటికి తిని ఉంటారు కాబట్టి అంత ఆగం ఉండదు. కుదిరితే గిన్నె వేడిచేసే పని మీ ఆయనకు అప్పజెప్పండి. ఎనిమిదింటికి తిని కూర్చున్న మనిషికి తొమ్మిదింటికి స్టవ్ వెలిగించడం కష్టమేమీ కాదు. తొమ్మిదింపావుకి మీరు కంచం ముందుండాలి. తొమ్మిదిన్నరకు చెయ్యి కడిగేసుకుంటే, ఆ తర్వాత నీళ్లు తప్ప ఇంకేం లేదు. మీ వదిన నియమంలోంచి నేను తీసుకునే భాగం ఇదొక్కటే. తినడానికి ఒక చివర ఉండాలి. అది ఏడే కానక్కర్లేదు, మీది తొమ్మిదిన్నర.

నిద్ర గురించి మీరు అడగలేదు, అయినా చెప్పక తప్పదు. పదకొండుంపావు నుంచి అయిదున్నర అంటే ఆరుంపావు గంటలు. ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే, బరువు ఎక్కువున్న 80 మందితో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం చేశారు. తిండి గురించి ఒక్క మాట చెప్పలేదు, సగంమందిని నిద్ర మాత్రం పెంచుకోమన్నారు. వాళ్లకు రోజూ సగటున గంటా పది నిమిషాల పైన నిద్ర పెరిగింది. వాళ్లు తమకు తెలియకుండానే మిగతావాళ్లకన్నా రోజుకు 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. డైటింగ్ పేరు ఎత్తకుండా 270! నేను రాసిచ్చిన చీటీలు చాలావాటికి అంత ఫలితం రాలేదు. మీకు గంట దొరక్కపోవచ్చు. అయితే తొమ్మిదిన్నరకే తేలికైన భోజనం అయిపోతే పదకొండుకు పడుకున్నా గంటన్నర ఎడం ఉంటుంది, మునుపు నిండు కడుపుతో ఉన్న గంటన్నరకూ దీనికీ చాలా తేడా. పడుకునే వేళను మొదట పావుగంట ముందుకు జరపండి, అలవాటయ్యాక ఇంకో పావుగంట. రెండు గంటల ఎడం కావాలా, పావుగంట ఎక్కువ నిద్ర కావాలా అని ఎంచుకోవాల్సి వస్తే, కంచం తేలిగ్గా ఉన్న రోజుల్లో నా ఓటు నిద్రకే. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు. వాళ్లు రెండు మూడు గంటల ఎడం తప్పనిసరిగా పాటించాలి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో రెండు జాగ్రత్తలు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు తమంతట తాము రాత్రి భోజనం మానడం, వేళలు మార్చడం చేయకూడదు. నిద్రలో చక్కెర బాగా పడిపోయే ప్రమాదం ఉంది. మందుల మోతాదు చూసే డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా. రెండోది, నిద్రలోంచి లేచి తింటే తప్ప మళ్లీ నిద్ర పట్టని పరిస్థితి వారంలో రెండు మూడు రాత్రులు, నెలల తరబడి ఉంటే దాన్ని నోటి చాపల్యం అనుకోవద్దు. రాత్రి తిండి రుగ్మత అని దానికో పేరుంది. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే వైద్యుడు 1955లోనే దాన్ని వివరించారు, చికిత్స కూడా ఉంది. మీ గురువారాలు ఆ కోవలోకి వస్తాయని నాకనిపించడం లేదు. అవి మూడు రోజుల పస్తుకు వచ్చిన ఆకలి. అయినా రాత్రి కడుపునిండా తినడం మొదలుపెట్టాక కూడా ఆగకపోతే చూపించుకోండి.

ఫలితం చూసుకోవడం ఎలా అంటే, ఒక్కరోజు తూకాన్ని నమ్మకండి. నా 900 గ్రాముల కథ విన్నారు కదా. వారంలో మూడు రోజులు, పొద్దున, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూసి ఆ మూడింటి సగటు రాసుకోండి. నెలసరికి ముందు రోజుల్లో నీరు చేరి కిలో దాకా పెరగొచ్చు. అందుకే ఈ వారాన్ని పోయిన వారంతో కాకుండా పోయిన నెలలో ఇదే వారంతో పోల్చుకోండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి నెలకోసారి కొలత కూడా రాయండి. నెలకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు తగ్గితే బాగా తగ్గుతున్నట్టే. నాలుగు వారాలు ఆరింటి తిండి, తొమ్మిదింపావు భోజనం తప్పకుండా నడిచి, సగటు కదలకపోతే అప్పుడు రాత్రి కంచం జోలికి పోకుండా నూనె, గింజలు, టీలో చక్కెర ఒకసారి తూచి చూడండి. సాధారణంగా దొంగ అక్కడే దొరుకుతాడు. అక్కడా దొరక్కపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకుని నాకు మళ్లీ రాయండి.

సెలవు రోజుల్లో మీరూ పిల్లలతో కలిసి ఎనిమిదింటికే తినేయండి. గంట ముందుకు జరిగితే నష్టం లేదు. పదకొండుకు జరిగితేనే ఉంది.

ఇక పండు. పండులో చక్కెరకు పగలు ఒక గుణం, రాత్రి ఒక గుణం ఉండదు. ఒక మాదిరి ఆపిల్‌లో 95 క్యాలరీల దాకా ఉంటాయి, ఆరింటికి తిన్నా తొమ్మిదింటికి తిన్నా అంతే. రసం తీస్తే మాత్రం మూడు నాలుగు పండ్లు ఒక గ్లాసులో పట్టేస్తాయి, పీచు పిప్పిలో పోతుంది, ఆకలీ తీరదు. కోసుకుని, కూర్చుని, నమిలి తినండి. ఆరింటి గుడ్లతోపాటు ఒకటి, భోజనమయ్యాక తీపి మీదికి మనసు పోతే ఇంకో సగం. ఆ మిగతా సగం పిల్లలకిచ్చేయండి, ఫ్రిజ్‌లో దాచకండి. పదకొండున్నరకు గుర్తొస్తుంది.